ఫెయిలయ్యాక మళ్లీ ఏది రాయాలి: ఎనర్జీ మేనేజరా, బాయిలర్ ఇంజనీరా?

ఫలితాలు వచ్చిన ప్రతిసారీ పైడిభీమవరం, బొబ్బిలి, గరివిడి వైపు ప్లాంట్లలో పనిచేసే కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. "సర్, ఎనర్జీ మేనేజర్‌లో ఒక పేపర్ పోయింది. బీఓఈ వైవాలోనూ పోయింది. షిఫ్టులు చేసుకుంటూ రెండింటికీ చదవలేను. ఈసారి ఏది రాయమంటారు?" ఆ రెండు పరీక్షలేమిటో తెలియనివాళ్ల కోసం ఒక్క మాట: ఎనర్జీ మేనేజర్ అంటే ప్లాంట్లలో కరెంటు, ఇంధనం ఆదా చూసే పనికి బీఈఈ (బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ) తరఫున జరిగే సర్టిఫికెట్ పరీక్ష. బీఓఈ అంటే బాయిలర్ ఆపరేషన్ ఇంజనీర్, పెద్ద ఆవిరి బాయిలర్ల బాధ్యత చూసేవాళ్ల పరీక్ష; అందులో రాతతో పాటు వైవా, అంటే నోటితో జవాబు చెప్పే పరీక్ష కూడా ఉంటుంది. నేరుగా విషయంలోకి వెళ్దాం.

సీనియర్లని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది ఎనర్జీ మేనేజరే అంటారు. వాళ్ల లెక్క తీసిపారేసేది కాదు. బీఈఈ పరీక్షలో పాసైన పేపర్లు అలాగే ఉంటాయి, తప్పినదాన్ని సప్లిమెంటరీగా రాసుకుంటే చాలు. ప్రతి పేపర్లో సగం మార్కులు రావాలి, అంతే. ఒక్క పేపర్ కోసం ఆగిపోయిన సర్టిఫికెట్‌ని ముందు చేతికి తెచ్చుకోవడంలో తప్పేముంది?

తప్పు లేదు. కానీ వాళ్లు చూస్తున్నది ఎంత చదవాలన్నది మాత్రమే. నా దృష్టిలో అసలు చూసుకోవాల్సింది వేరే ఉంది: మీరు ఏ కారణంతో ఫెయిలయ్యారో దాన్ని సరిచేసుకునే అవకాశం మీకు ఇంకా ఎన్నాళ్లుంటుంది?

ముందు ఎనర్జీ వైపు చూద్దాం. ఎనర్జీ మేనేజర్‌కి రాయాల్సిన మొదటి మూడు పేపర్లూ ఒక్కోటి 150 మార్కులకి నడుస్తూ వచ్చాయి. యాభై ఆబ్జెక్టివ్, నలభై చిన్న ప్రశ్నలు, అరవై పెద్ద ప్రశ్నలు. గట్టెక్కడానికి 75 కావాలి. నాకు కనబడినంతలో పోయేది ఎక్కువగా ఆ అరవైలోనే. ఫార్మా యుటిలిటీస్‌లో, అంటే ఆవిరి, గాలి, కరెంటు సరఫరా చూసే విభాగంలో ఉన్నవాళ్లు పేపర్ 3లో, అంటే మోటార్లు, కంప్రెసర్లు, పవర్ ఫ్యాక్టర్ దగ్గర పోగొట్టుకుంటారు. ఫెర్రో ఎల్లాయిస్‌లో (కరెంటు ఫర్నేసుల్లో ఇనుప మిశ్రమ లోహాలు చేసే ప్లాంట్లలో) ఉన్నవాళ్లకి కరెంటు లెక్కలు కొట్టిన పిండి, వాళ్లు పేపర్ 2లో బాయిలర్ ఎఫిషియెన్సీ దగ్గర తడబడతారు. చిత్రం ఏమిటంటే ఈ లెక్కలు కష్టమైనవి కావు. ఫ్లూ గ్యాస్‌లో, అంటే పొగగొట్టం నుంచి పోయే వాయువులో ఆక్సిజన్ 7 శాతం ఉంటే ఎక్సెస్ ఎయిర్ (మండటానికి అవసరమైనదానికి మించిన గాలి) ఎంత? ఏడుని ఇరవై ఒకటి మైనస్ ఏడుతో భాగించి వందతో గుణించాలి, 50 శాతం. అదే ఆక్సిజన్‌ని 4కి దించితే 23.5. ఫ్యాన్ స్పీడు 20 శాతం తగ్గిస్తే పవర్ ఎంత తగ్గుతుంది? 0.8 ఘనం 0.512, అంటే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. ఈ రకం లెక్కలు ఓ యాభై, కాగితం మీద, సొంత చేత్తో, కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని చేసినవాడు పేపర్ 3లో రెండోసారి తప్పడం అరుదు. గైడ్‌బుక్ చదివేసి "అర్థమైపోయింది" అనుకున్నవాడే మళ్లీ తప్పుతాడు.

గమనించారా? ఈ జబ్బుకి మందు ఇంట్లోనే ఉంది. టేబుల్, ఫ్యాను, నాలుగు గైడ్‌బుక్‌లు. మీరు విజయనగరంలో ఉన్నా, రేపు హైదరాబాద్ బదిలీ అయినా, ఉద్యోగం మారి ఏసీ రూములో ప్లానింగ్ చూసుకుంటున్నా ఆ లెక్కలు ఎక్కడికీ పోవు. ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది.

బాయిలర్ ఇంజనీర్ పరీక్ష అలా కాదు. రాతలో గట్టెక్కినవాళ్లు కూడా వైవాలో ఎందుకు పోతారు? అక్కడ అడిగేవి పుస్తకం ప్రశ్నల్లాగే ఉంటాయి కానీ పుస్తకం జవాబులు చెల్లవు. "గేజ్ గ్లాసులో నీళ్లు కనబడటం లేదు, ఏం చేస్తారు?" ఎన్నేళ్లనుంచో అడుగుతున్న ప్రశ్న ఇది. గేజ్ గ్లాస్ అంటే బాయిలర్లో నీటిమట్టం చూపించే గాజు గొట్టం. "ఫీడ్ పంప్ ఆన్ చేస్తాను సర్" అన్నారంటే ఇక లేచి రావచ్చు. నీళ్లు పైకి నిండిపోయి గ్లాసు ఖాళీగా కనబడుతోందో, కిందికి దిగిపోయి కనబడటం లేదో తెలియకుండా దేనిమీదా చెయ్యి వేయకూడదు. దిగిపోయినట్టు తేలితే ముందు నిప్పు ఆపాలి, ఇంధనం ఆపాలి. ఎర్రగా కాలి ఉన్న ట్యూబుల మీదకి చన్నీళ్లు వదలకూడదు.

ఇది చదివి బట్టీ పట్టవచ్చు. కానీ వెంటనే రెండో ప్రశ్న వస్తుంది: "పైన ఉందో కింద ఉందో ఎలా తెలుసుకుంటారు?" ఇక్కడ చేత్తో చేసినవాడికీ చెయ్యనివాడికీ తేడా తెలిసిపోతుంది. మా వైపు ఒక ఊకబాయిలర్ దగ్గర పాత అటెండెంట్ ఒకాయన ఉన్నాడు. షిఫ్టులోకి రాగానే ఆయన చేసే మొదటి పని గేజ్ గ్లాస్ పరీక్ష. డ్రెయిన్ కాక్ (నీళ్లు బయటికి వదిలే చిన్న వాల్వ్) తెరిచి, నీళ్ల కాక్ మూసి, స్టీమ్ బుస్సుమని వస్తోందా చూస్తాడు. తర్వాత స్టీమ్ మూసి నీళ్లు వదులుతాడు. అవి జోరుగా రాకపోతే దారిలో ఏదో అడ్డుపడిందన్నమాట. చివరికి డ్రెయిన్ మూసి, రెండు కాక్‌లూ తెరిచి, గ్లాసులో నీళ్లు ఎంత చురుగ్గా పైకి లేస్తాయో చూస్తాడు. "బాబూ, నీళ్లు సోమరిగా లేస్తే నమ్మకండి" అంటాడు. ఆ "సోమరిగా" అన్న మాట ఏ గైడ్‌లోనూ ఉండదు. ఆ పని మీరూ కొన్నాళ్లు రోజూ చేస్తే వైవాలో మీ చేతులే జవాబు చెబుతాయి.

నా వాదన అంతా ఇక్కడే ఉంది. బాయిలర్ దగ్గర షిఫ్టు అనేది ఎప్పుడూ మీ చేతిలో ఉండేది కాదు. ప్రమోషన్ వస్తే పైకి వెళ్లిపోతారు, ప్రాజెక్టుల్లోకి లాగేస్తారు, కంపెనీ మారితే అక్కడ ఏకంగా చిల్లర్లు (చల్లబరిచే యంత్రాలు) చూడమంటారు. పైగా దరఖాస్తుతో ఇవ్వాల్సిన సర్వీస్ సర్టిఫికెట్ ఒకటుంది. ఏ బాయిలర్ మీద, దాని రిజిస్ట్రీ నంబర్ ఎంత, హీటింగ్ సర్ఫేస్ (నీళ్లకి వేడి అందించే ఉపరితలం) ఎంత, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పనిచేశారు, ఇవన్నీ యాజమాన్యం సంతకంతో కావాలి. ఉద్యోగంలో ఉండగా హెచ్‌ఆర్ దగ్గరికి వెళితే ఒక వారం పని. రాజీనామా చేసి ఏడాదయ్యాక అదే కాగితం కోసం తిరగడం ఎలా ఉంటుందో తిరిగినవాళ్లని అడగండి.

కాబట్టి నేను అడిగినవాళ్లందరికీ చెప్పేది: ప్రస్తుతం మీరు బాయిలర్ షిఫ్టులో ఉంటే బీఓఈ ముందు రాయండి. ఎనర్జీ పేపర్ ఎక్కడికీ పోదు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. అది కూడా చెప్పాలి. బీఓఈ తప్పనిసరి అయ్యేది హీటింగ్ సర్ఫేస్ వెయ్యి చదరపు మీటర్లు దాటిన చోట. మన పైడిభీమవరం ఫార్మా ప్లాంట్లలో చాలా బాయిలర్లు అంత పెద్దవి కావు, బీఓఈ కంటే కింది స్థాయి పరీక్ష పాసైన ఫస్ట్ క్లాస్ బాయిలర్ అటెండెంట్‌తో నడిచిపోతాయి. అంటే పాసైనా మీ కంపెనీ వెంటనే జీతం పెంచుతుందని లేదు. నిజమే. కానీ ఎనర్జీ మేనేజర్‌ని పెట్టుకోవాలన్న నిబంధన కూడా డిజిగ్నేటెడ్ కన్స్యూమర్లకే, అంటే ఎక్కువ ఎనర్జీ వాడతాయని ప్రభుత్వం ప్రకటించిన సంస్థలకే. ఏ సర్టిఫికెట్ అయినా ఉపయోగపడేది ఇప్పుడున్న చోట కంటే వెళ్లబోయే చోటే. సంకిలి చక్కెర ఫ్యాక్టరీ లాంటి చోట్ల ఉండే బగాస్ (చెరకు పిప్పి) బాయిలర్లు, పరవాడ వైపు పవర్ ప్లాంట్లు, ఇలాంటి చోట్ల పెద్ద బాయిలర్ దగ్గర ఇంటర్వ్యూకి కూర్చున్నప్పుడు బీఓఈ ఉన్నవాడి బరువు వేరు. అక్కడ అది చట్టప్రకారం కావాల్సిన కాగితం, రెజ్యూమేలో అలంకారం కాదు.

బాయిలర్ దగ్గర లేనివాళ్లకి నా సలహా తిరగబడుతుంది. ఫెర్రో ఎల్లాయిస్ ఫర్నేస్ దగ్గరున్నా, జూట్ మిల్లులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తున్నా, ఇప్పటికే ఆఫీసులోకి మారిపోయినా, ఎప్పుడో చేసిన షిఫ్టుల జ్ఞాపకంతో వైవాకి వెళ్లకండి. ఎనర్జీ పేపర్ రాయండి. పేపర్ 1 తప్పినవాళ్లు ఒకటి చూసుకోవాలి: పాత పుస్తకాల్లో 2001 నాటి చట్టమే ఉంటుంది, 2022 సవరణ, దాని వెంట వచ్చిన కార్బన్ క్రెడిట్ల పథకం ఉండవు. బీఓఈకి చదివేవాళ్లకీ ఇదే మాట. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చేసింది. సీనియర్ ఇచ్చిన జిరాక్స్ కట్ట చూసుకుని "ఇండియన్ బాయిలర్స్ యాక్ట్, 1923" అని గర్వంగా చెబితే ఎదురుగా కూర్చున్నవాళ్లు నవ్వుకుంటారు.

"పనిలో పనిగా పేపర్ 4 కూడా రాసేసి ఎనర్జీ ఆడిటర్ అయిపోతే?" అని ఒకరిద్దరు అడుగుతుంటారు. పుస్తకాలు చూసి రాసే పరీక్ష కదా అని ఆశ. నూరు మార్కుల్లో ఎనభై పెద్ద లెక్కలకే, టైము రెండు గంటలు. పుస్తకం తిరగేసే తీరిక ఉండదు. మొదటి మూడూ పూర్తికాకుండా దాని జోలికి వెళ్లొద్దు. ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ లైసెన్స్ సంగతి: ఎలక్ట్రికల్ వాళ్లయితే ఎలాగూ తీసుకోండి, దానికి దీనితో పోటీ లేదు. ఫస్ట్ క్లాస్ అటెండెంట్ పరీక్ష బీఓఈకి అర్హత లేనివాళ్లకి మంచిదే.

ఇప్పుడు బీఓఈ వైపు మొగ్గినవాళ్లు నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. రేపు డ్యూటీకి వెళ్లగానే బాయిలర్ మీద రిజిస్ట్రీ నంబర్ రాసుకుని, ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్‌లో హీటింగ్ సర్ఫేస్ అంకెతో కలిపి, సర్వీస్ సర్టిఫికెట్ డ్రాఫ్ట్ మీరే తయారుచేసి హెచ్‌ఆర్‌కి ఇవ్వండి. వాళ్లని రాయమంటే "బాయిలర్ సెక్షన్‌లో పనిచేశారు" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టేస్తారు. ఆ కాగితం పరీక్ష పెట్టే బోర్డు దగ్గర నిలబడదు.