జాగ్రత్త: “మీ ట్రక్కుకు సరిపోతుంది” అన్న మాట నమ్మి టైరు చైన్లు కొనకండి

చలికాలంలో ఐ-80 మీదో హైవే 50 మీదో కాలిఫోర్నియా కొండల్లోని టాహో సరస్సుకు పికప్‌లో వెళ్ళే మనవాళ్ళందరూ ఇది చదవండి. మంచు రోడ్డు మీద జారకుండా టైర్లకు చుట్టే గొలుసుల సంగతి ఇది. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు పేజీలో ట్రక్కు పేరూ మోడల్ సంవత్సరమూ ఇస్తే “సరిపోతుంది” అని పచ్చ టిక్కు వచ్చింది. ఆ సెట్ టైరుకు చుట్టేసరికి లోపలివైపు కొసలు కలవనే లేదు, ఇంకా జానెడు దూరం ఉంది. వెనక్కి పంపుతామంటే “ప్యాకింగ్ విప్పారు, వాడినట్టే లెక్క” అన్నారు. డబ్బు పోతే పోయింది, ఆ సంగతి కొండ కింద చీకట్లో, గడ్డకట్టిన వేళ్ళతో తెలిస్తే మాత్రం పిల్లాపాపలతో అక్కడే ఇరుక్కుపోతారు.

అసలు లోపం ట్రక్కు పేరుతో వెతకడంలోనే ఉంది. ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌నే తీసుకోండి. ఒకే మోడల్ సంవత్సరంలో 245/70ఆర్17 టైర్లతోనూ వస్తుంది, 275/60ఆర్20 టైర్లతోనూ వస్తుంది. మొదటిదాని ఎత్తు సుమారు 30.5 అంగుళాలు, రెండోదానిది 33. చుట్టుకొలతలో దాదాపు 8 అంగుళాల తేడా! పచ్చ టిక్కుకు ఇదేమీ తెలియదు. కాబట్టి టైరు పక్కన అచ్చువేసిన అంకె చూడండి. డోరు దగ్గరి స్టిక్కర్ కంపెనీ బిగించిన టైర్ల సైజు మాత్రమే చెబుతుంది, తర్వాత మార్చి ఉంటే అది పనికిరాదు. మీ అంకె అక్షరం పొల్లుపోకుండా చైన్ల డబ్బా మీది పట్టికలో ఉండాలి. “దగ్గర దగ్గరగా ఉంది కదా” అని తీసుకోకండి.

సైజు కలిసినా పని అయిపోలేదు. “పికప్ కదా, లావు గొలుసు ఉండాలి” అనుకుంటే ఇంకో ప్రమాదం. చైను పట్టాలంటే టైరుకూ బండి భాగాలకూ మధ్య ఎంత ఖాళీ కావాలో చెప్పే ఎస్‌ఏఈ (వాహన ఇంజనీర్ల సంఘం) తరగతులున్నాయి. ఎస్ తరగతికి ట్రెడ్ (రోడ్డుకు ఆనే భాగం) ఎదురుగా కనీసం 1.46 అంగుళాలు, లోపలి సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) పక్కన 0.59 అంగుళాలు ఉంటే చాలు. లావు గొలుసుల డబ్ల్యూ తరగతికైతే 2.50, 1.50 కావాలి. చెయ్యి లోపలికి పెట్టి చూడండి: బ్రేకు గొట్టం, ఏబీఎస్ సెన్సర్ వైరు, షాక్ అబ్సార్బర్ అన్నీ అక్కడే ఉంటాయి. వెడల్పు టైర్లో, బయటి కంపెనీ రిమ్ములో వేయించుకుంటే ఆ ఖాళీ ఇంకా తగ్గవచ్చు. ఏ చక్రాలకు వెయ్యాలో, ఏ తరగతి పడుతుందో ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. చాలా పికప్‌లకు, 4×4 (నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే బండి) అయినా, వెనక చక్రాలకే.

“అన్ని సైజులకూ ఒకటే” అంటూ అమ్మే ప్లాస్టిక్ పట్టీల జోలికి పోకండి. అవి రిమ్ము కన్నాల్లోంచి దూరాలి. పెద్ద బ్రేకులున్న ట్రక్కుల్లో కాలిపర్‌కు (బ్రేకు డిస్కును పట్టే భాగానికి) రాసుకుని తెగుతాయి.

బిగించేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేసి, గొలుసును నేల మీద పరిచి మెలికలు తియ్యండి. హుక్కుల తెరిచిన నోరు టైరువైపు కాకుండా బయటివైపు ఉండాలి, లేకపోతే సైడ్‌వాల్‌ను కోసేస్తాయి. టైరు మీద సమంగా కప్పి, ముందు లోపలి హుక్కు, తర్వాతే బయటిది. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: లోపలిది కనబడదు కాబట్టి వదులుగా తగిలించి, బయట మాత్రం లాగి బిగిస్తారు. అప్పుడు చైను పక్కకు జారి, వేలాడే అడ్డగొలుసు బ్రేకు గొట్టాన్ని కొడుతుంది. లోపల ఎన్నో లంకెలో తగిలించాలో వెలుగున్నప్పుడే చూసి, దానికి రంగు దారం కట్టుకోండి. బిగించాక పావు మైలు నెమ్మదిగా నడిపి, ఆపి, మళ్ళీ బిగించండి. మిగిలిన కొస వేలాడకూడదు. ఫెండర్ లోపల టపటపమని చప్పుడైతే వెంటనే పక్కకు తీసి ఆపాలి. చైన్లతో 25–30 మైళ్ళ వేగం దాటకండి, మంచు లేని తారు రోడ్డు రాగానే విప్పెయ్యండి.

మంచు పడినప్పుడు కాలిఫోర్నియాలో ఆర్1, ఆర్2, ఆర్3 అని మూడు స్థాయిల్లో చైన్ల నిబంధన పెడతారు. చెక్‌పోస్టు దగ్గర ఆర్2 పెడితే, నాలుగు చక్రాలకూ మంచు టైర్లున్న 4×4కు మినహాయింపు ఉంటుంది, కానీ చైన్లు బండిలో ఉండాల్సిందే. ఆర్3 అయితే ఎవరికీ మినహాయింపు లేదు. రోడ్డు పక్కన బ్యాడ్జితో ఉండే ఇన్‌స్టాలర్లు డబ్బు తీసుకుని బిగిస్తారు. వాళ్ళు చైన్లు అమ్మకూడదు, అద్దెకూ ఇవ్వకూడదు. అంటే మీ దగ్గరున్నది తప్పు సైజైతే వాళ్ళేమీ చెయ్యలేరు.

ఇప్పటికే కొన్నవాళ్ళు రిటర్న్ గడువు దాటకముందే డబ్బా మీది పట్టిక చూడండి. అంకె అందులో లేకపోతే సీలు తియ్యకుండానే వెనక్కి పంపండి. ఉంటే, వెనక్కి తీసుకునే షరతులు చదివాక, డ్రైవ్‌వేలో కింద పాత దుప్పటి పరిచి, టైరు కడిగి ఆరబెట్టి, ఒకసారి చుట్టి చూడండి. బండి మాత్రం కదపకండి.