స్తంభాలు మిగిలితే చాలా? అమెరికా పాత రాతి కట్టడాలకు ఏ దారి మేలు

న్యూయార్క్‌లో ఎనిమిదో అవెన్యూకు ఇటూ అటూ ఒకప్పుడు రెండు కట్టడాలు ఎదురెదురుగా ఉండేవి. ఇటు 1910లో తెరిచిన పెన్సిల్వేనియా రైల్వే స్టేషన్. అటు 1914లో పని మొదలుపెట్టిన జనరల్ పోస్టాఫీసు. రెండింటికీ నమూనా గీసింది మెక్‌కిమ్, మీడ్ అండ్ వైట్ అనే ఒకే సంస్థ. రెండూ రోమన్ పోలికే. స్టేషన్‌లోని పెద్ద హాలుకు ప్రేరణ రోమ్ నగరంలోని కారకల్లా స్నానశాలలు. పోస్టాఫీసు ముందు వరుసగా ఇరవై కొరింథియన్ స్తంభాలు, అంటే తల దగ్గర ఆకుల చెక్కడం ఉన్నవి. 1963 అక్టోబరు 28న స్టేషన్‌ను కూల్చడం మొదలుపెట్టారు. దాని గులాబీ గ్రానైటు, శిల్పాల ముక్కలు న్యూజెర్సీ చిత్తడి నేలల్లోకి చేరాయి. పోస్టాఫీసు మాత్రం నిలిచింది. 2021 జనవరి 1 నుంచి దాని కడుపులోనే కొత్త రైల్వే హాలు నడుస్తోంది.

ఒకే చేతి గీత, ఒకే వీధి, రెండు గతులు. అమెరికా నగరాల్లో గ్రీకు, రోమన్ పోలికలో లేచిన కట్టడాలన్నిటి ముందూ ఈ రెండు దారులే కాదు, మరికొన్ని కూడా ఉన్నాయి. కొత్త దేశం తనను ప్రాచీన గణతంత్రాల వారసురాలిగా ఊహించుకున్న రోజుల్లో బ్యాంకులూ కస్టమ్స్ కార్యాలయాలూ గుడి రూపం దాల్చాయి. ఆ ముచ్చట చల్లారాక 1893 నాటి షికాగో ప్రపంచ ప్రదర్శన దాన్ని మళ్లీ రగిలించింది. ఆ తరవాత నాలుగు దశాబ్దాలు స్టేషన్లు, గ్రంథాలయాలు, నగర కార్యాలయాలు అన్నీ అదే బాణీ. వాస్తు పండితులు ఈ దశలకు వేర్వేరు పేర్లు పెడతారు. నేను ఒకే గాటన కడుతున్నాను, ఎందుకంటే ఇప్పుడు వీటన్నిటి ఇబ్బందీ ఒకటే: రాయి చెక్కుచెదరలేదు, చేయడానికి పని లేదు. అలాంటి దాన్ని ముందుగోడ మాత్రం దాచుకుని తక్కినది వదిలేయాలా? కూల్చి కొత్తగా అలాగే కట్టుకోవాలా? మ్యూజియం చేయాలా? వేరే పనికి అప్పగించాలా?

ముందుగోడ దాచుకోవడం గురించి త్వరగా చెప్పేస్తాను, నాకు దాని మీద పెద్ద గౌరవం లేదు. వాల్ స్ట్రీట్‌లో 1820లలో కట్టిన ఒక బ్యాంకు శాఖ తరవాత బంగారం, వెండి పరీక్షించే ప్రభుత్వ కార్యాలయమైంది. 1915లో దాన్ని పడగొట్టినప్పుడు పాలరాతి ముఖభాగాన్ని విప్పి దాచారు. 1924లో దాన్ని మెట్రొపాలిటన్ మ్యూజియంలోని అమెరికన్ విభాగానికి ముంగిలిగా నిలబెట్టారు. ఇప్పుడది అద్దాల కప్పు కింద, వాన చుక్క తగలని చోట ఉంది. చూడడానికి బాగుంటుంది. కానీ ఆ తలుపు దాటితే బ్యాంకు ఉండదు, మ్యూజియమే ఉంటుంది. వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షోద్యానంలో మరీ చిత్రం. ఒక పచ్చిక బయలులో 22 కొరింథియన్ స్తంభాలు ఏ కప్పునూ మోయకుండా నిలబడి ఉంటాయి. అవి అమెరికా చట్టసభ భవనమైన కాపిటల్‌కు 1828 నాటి తూర్పు ముంగిలివి. ఆ తరవాత ఎక్కించిన ఇనుప గుమ్మటం ముందు అనుకున్నదానికంటే పెద్దది కావడంతో ఆ ముంగిలి దాన్ని మోయలేనట్టు కనిపించేది. 1958లో ఆ వైపు కట్టడాన్ని ముందుకు పొడిగించినప్పుడు స్తంభాలు తీసేశారు. ఫొటోలకు అంతకంటే మంచి చోటు దొరకదు, ఒప్పుకుంటాను. అయితే అది తోట అలంకారం, కట్టడాన్ని కాపాడడం కాదు.

కూల్చి మళ్లీ కట్టడం వినడానికి ఇంకా అన్యాయంగా అనిపిస్తుంది. ఇక్కడ నా అభిప్రాయం కొంత మెత్తబడింది. నాష్‌విల్‌లో 1897 ప్రదర్శన కోసం ఏథెన్స్‌లోని ప్రాచీన గుడి పార్థెనాన్‌కు నిలువెత్తు నకలు కట్టారు. వాడింది ఇటుక, కొయ్య, ప్లాస్టరు. తాత్కాలికమే. పగుళ్లు తేలాయి, పడగొట్టడానికి ఊరివాళ్లకు మనసొప్పలేదు. 1920 నుంచి 1931 దాకా అదే చోట కాంక్రీటుతో తిరిగి కట్టారు. శాన్ ఫ్రాన్సిస్కోలో వాస్తుశిల్పి బెర్నార్డ్ మేబెక్ 1915 ప్రదర్శన కోసం గీసిన ప్యాలెస్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌దీ అదే కథ. దాన్ని శిథిలంలా కనిపించేలా కట్టారు, కాలక్రమంలో నిజంగానే శిథిలమైంది. 1964లో ఉక్కు చట్రం మిగిల్చి తక్కినది తీసేసి కాంక్రీటుతో పోతపోశారు. నిలవడానికి కట్టని దాన్ని నిలబెట్టాలంటే పదార్థం మార్చక తప్పదు. ఇందులో మోసం లేదు. పెన్సిల్వేనియా స్టేషన్‌ను తిరిగి యథాతథంగా కట్టాలని వాదించేవాళ్లూ ఉన్నారు. దానికి మాత్రం నేను చేయెత్తను. గ్రానైటుతో తరతరాలకని కట్టిన దాన్ని మనమే పడగొట్టి మనమే బొమ్మ చేసి నిలబెట్టడం వేరు. పైగా చచ్చినవాడి కళ్లు చారెడంటారు. చివరి రోజుల్లో ఆ స్టేషన్ మసిబారి, ప్రకటనలతో నిండి, మధ్యలో మెరిసే టికెట్ కౌంటరుతో దిగాలుగా ఉండేది. అప్పుడు దాని కోసం వీధిలో నిలబడి నిరసన తెలిపినవాళ్లు కొద్దిమందే.

ఇక అసలు పోటీ మ్యూజియానికీ కొత్త పనికీ మధ్య. ఫిలడెల్ఫియాలో విలియం స్ట్రిక్లాండ్ కట్టిన సెకండ్ బ్యాంక్, అప్పటి జాతీయ బ్యాంకు, 1824లో పూర్తయింది. ముందు ఎనిమిది డోరిక్ (సాదా తలల) స్తంభాలు, నమూనా పార్థెనాన్. ప్రెసిడెంట్ ఆండ్రూ జాక్సన్‌కు ఆ బ్యాంకు అంటే గిట్టలేదు. దాని అనుమతి 1836లో ముగిసింది. తరవాత తొంభై ఏళ్లు కస్టమ్స్ కార్యాలయంగా ఉండి, ఇప్పుడు చిత్తరువుల ప్రదర్శనశాలగా ఉంది. రాయికి హాని లేదు. డబ్బు లావాదేవీల హడావుడి మాత్రం పోయింది. అంత పెద్ద గుడిని డబ్బుకెందుకు కట్టారో అర్థం కావడానికి ఆ హడావుడి కావాలి.

వాషింగ్టన్‌లోని పాత పేటెంట్ కార్యాలయం దీనికి భిన్నం. 1836లో మొదలై 1868లో గానీ పూర్తికాలేదు. ఈ మధ్యలో అంతర్యుద్ధపు గాయాలతో వచ్చిన సైనికులకు ఆసుపత్రి అయింది, 1865లో లింకన్ రెండో ప్రమాణ స్వీకార విందుకు వేదికా అయింది. 1950లలో దాన్ని కూల్చి కార్లు నిలిపే చోటు చేయాలన్నారు. 1958లో జాతీయ మ్యూజియంలు నడిపే స్మిత్సోనియన్ సంస్థకు ఇచ్చారు, 1968లో కళా ప్రదర్శనశాలగా తెరుచుకుంది. ఇది ఎందుకు కుదిరిందంటే, మొదట్లో కూడా ఆ పొడవాటి హాళ్లు పేటెంట్ పొందిన యంత్రాల నమూనాలను జనానికి చూపించడానికి కట్టినవే. చూడడానికి వచ్చేవాళ్ల కోసం కట్టిన ఇంటికి చూసేవాళ్లే తిరిగి వచ్చారు.

అదే ఊళ్లోని యూనియన్ స్టేషన్‌కు ఈ అదృష్టం ఆలస్యంగా పట్టింది. వాస్తుశిల్పి డేనియల్ బర్న్‌హామ్ గీసిన ఈ స్టేషన్ 1907లో తెరుచుకుంది. రైలు ప్రయాణికులు తగ్గాక, 1976 నాటికి దాన్ని జాతీయ సందర్శకుల కేంద్రం చేశారు. ప్రధాన హాలు నేల మధ్యలో గొయ్యి తవ్వి, అక్కడ వాషింగ్టన్ ఫొటోలు తెర మీద చూపించారు. తలుపు దాటి బయటికొస్తే కాపిటల్ గుమ్మటం కనిపిస్తుంది. నిజమైనది నాలుగడుగుల దూరంలో ఉంటే గోతిలో దిగి బొమ్మ చూసేదెవరు? ప్రదర్శన రెండేళ్లలో మూతపడింది. 1981లో కప్పు కారి, కొంత కూలి, కట్టడాన్నే మూసేశారు. గొయ్యి పూడ్చి, దుకాణాలు కలిపి, మళ్లీ రైలు ప్రయాణికులకే అప్పగించి 1988లో తెరిచారు. ఖర్చు ఎక్కువైనా అప్పుడు గానీ హాలుకు ప్రాణం రాలేదు.

న్యూయార్క్ పోస్టాఫీసు విజయ రహస్యమూ ఇక్కడే ఉంది. దాన్ని కట్టిందే రైలు పట్టాల మీద. ఉత్తరాల సంచులు నేరుగా కిందికి దించాలని. అందుకే సంచుల స్థానంలో మనుషులు దిగడానికి పునాదులతో పోట్లాడాల్సిన పని లేదు. ఉత్తరాలు వేరు చేసే గది పైన ఉక్కు దూలాలు అలాగే ఉంచి అద్దాల కప్పు వేశారు. మొత్తం దాదాపు 160 కోట్ల డాలర్లు. నా ఫిర్యాదు ఒక్కటే: తెరిచినప్పుడు ఆ పెద్ద హాల్లో కూర్చోవడానికి కుర్చీ లేదు. టికెట్ ఉంటే పక్కనున్న గదిలోకి వెళ్లాల్సి వచ్చేది, లేకపోతే పాలరాయి మీద చతికిలబడాల్సి వచ్చేది. స్టేషన్ కట్టి కుర్చీ వేయకపోవడం, విస్తరి వేసి అన్నం మరిచినట్టు.

డెట్రాయిట్‌లో మిషిగన్ సెంట్రల్ స్టేషన్ 1913లో తెరిచి 1988 జనవరిలో మూసేశారు. కిటికీలు పగిలి, నీళ్లు నిండి, దొంగలు పంచుకున్నారు. 2009లో నగర మండలి కూల్చాలని తీర్మానించింది. 2018లో ఫోర్డ్ కంపెనీ కొని ఆరేళ్లు పనిచేయించి 2024 జూన్‌లో తెరిచింది. కొన్న కొత్తలో అక్కడి పాత గడియారం తన దగ్గరుందని పేరు చెప్పని ఒకరు ఫోన్ చేసి దాన్ని తిరిగి ఇచ్చారు. పైన కార్యాలయాలు, కింద హాలు జనానికి. రైళ్లు లేవన్నది లోటే.

డబ్బు మాట కూడా చెప్పాలి. ఆదాయం తెచ్చే చారిత్రక కట్టడాన్ని ప్రమాణాల ప్రకారం బాగుచేస్తే ఖర్చులో 20 శాతం కేంద్ర పన్నులో తగ్గుతుంది. ఆ ప్రమాణాలు లోపలి ముఖ్యమైన గదులనూ చూస్తాయి, కాబట్టి ముందుగోడ మిగిల్చి వెనక గుల్ల చేసేవాళ్లకు సాధారణంగా ఆ రాయితీ అందదు. చారిత్రక కట్టడాల జాతీయ జాబితాలో పేరున్నంత మాత్రాన సొంతదారు కూల్చకుండా ఆగాల్సిన పని లేదు. ఆపేది నగర చట్టం. న్యూయార్క్ 1965లో తెచ్చిన అలాంటి చట్టాన్ని 1978లో సుప్రీంకోర్టు గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్ కేసులో 6–3తో సమర్థించింది. (హైదరాబాద్ కోఠీలో మన బ్రిటిష్ రెసిడెన్సీ కూడా కొత్త పని దొరికిన కట్టడాల కోవకు చెందినదే. దర్బారు హాలున్న దొరల మేడ ఆడపిల్లల కాలేజీ అయింది, దాని మరమ్మతుకు న్యూయార్క్‌లోని వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ తోడ్పడింది.)

నన్ను అడిగితే కొత్త పనికే ఓటు, ఒక షరతుతో: ఆ పనికి ఆ పెద్ద గది నిజంగా అవసరం కావాలి. అలాంటి పని దొరకనప్పుడు మ్యూజియం. ప్లాస్టరు కట్టడానికైతే కాంక్రీటు నకలు. ముందుగోడ ఒక్కటే అంటే, ఇంకేదీ మిగలనప్పుడు.

పెన్సిల్వేనియా స్టేషన్ రాతి గద్దల్లో నాలుగు ఇప్పుడు ఫిలడెల్ఫియాలో మార్కెట్ స్ట్రీట్ వంతెన మీద ఉన్నాయి. ఆ పక్కనే అదే రైల్వే కంపెనీ కట్టించి 1933లో తెరిచిన థర్టీయత్ స్ట్రీట్ స్టేషన్. అదీ స్తంభాల కట్టడమే. దానికి కొత్త పని ఎవరూ వెతకలేదు, రైళ్ల రాకపోకలు ఎప్పుడూ నిలిచిపోలేదు.