ఎపిక్ ఇన్ బాస్కెట్: ఏళ్ల తరబడి వాడాక

అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ డాక్టర్‌ని. పేషెంట్ల ప్రశ్నలు, ల్యాబ్ రిజల్టులు, రీఫిల్స్ (వాడుతున్న మందు మళ్లీ రాయమని అడగడం) అన్నీ మా మెడికల్ రికార్డుల సాఫ్ట్‌వేర్ ఎపిక్‌లో ఇన్ బాస్కెట్ అనే మెసేజీల పెట్టెకే వస్తాయి. సాఫ్ట్‌వేర్ గట్టిదే. కానీ ఏ మెసేజీ ముందు ఎవరు చదవాలో క్లినిక్ తేల్చుకోకపోతే డాక్టర్‌కి రాత్రిళ్లు కూడా అదే పని.

ఇంతకుముందు పనిచేసిన క్లినిక్‌లో మైచార్ట్ (పేషెంట్లు వాడే ఎపిక్ యాప్) మెసేజీలన్నీ నేరుగా నాకే వచ్చేవి. అపాయింట్‌మెంట్ మార్చాలని ఒకరు, ఆఫీసుకి లెటర్ కావాలని ఇంకొకరు. ఓ సాయంత్రం వాటి మధ్య "రీఫిల్ కావాలి" అన్న మెసేజీ తెరిస్తే, నాలుగో లైనులో "రెండు రోజులుగా మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోంది" అని ఉంది. వెంటనే ఫోన్ చేసి ఎమర్జెన్సీకి పంపాను. కానీ అది వచ్చింది పొద్దున్న! అప్పుడే ఎవరో ఒకరు చదివి ఉండాల్సింది.

ఇప్పుడున్న చోట అన్నీ ముందు నర్సుల పూల్‌కి, అంటే వాళ్లందరి ఉమ్మడి ఇన్‌బాక్స్‌కి వెళ్తాయి. ఆ పూట పూల్ బాధ్యత ఎవరిదో పేరుతో సహా రాసి ఉంటుంది, లేకపోతే అందరూ పక్కవాళ్లు చూస్తారులే అనుకుంటారు. బీపీ మందు లిసినోప్రిల్ రీఫిల్ అయితే క్రియాటినిన్, పొటాషియం రక్తపరీక్షలు ఈమధ్య చేయించారో లేదో ఫార్మసిస్టే చూసి ఇచ్చేస్తారు. నా దాకా వచ్చేదాంట్లో లక్షణమేంటి, ఎన్నాళ్ల నుంచి, బీపీ ఎంత, అన్నీ నర్సు రాసే పంపుతుంది. నాకు రెండు లైన్ల జవాబు చాలు.

రిజల్టుల సంగతి వేరు. రిపోర్టుల్ని ఆలస్యం లేకుండా పేషెంట్‌కి చూపించాలన్న క్యూర్స్ చట్టం నిబంధన 2021 ఏప్రిల్ 5న అమల్లోకి వచ్చాక, చాలా రిపోర్టులు నాకంటే ముందే పేషెంట్ చూసేస్తున్నారు. అది వాళ్ల హక్కు, నాకు సంతోషమే. అందుకే టెస్టు రాసేటప్పుడే "రిపోర్టు మీకే ముందు కనిపించొచ్చు, కంగారుపడకండి, ఫలానా రోజు నేనే ఫోన్ చేస్తాను" అని చెప్పేస్తాను. ఈ ఒక్క మాటతో కంగారు మెసేజీలు బాగా తగ్గాయి.

పేషెంట్ మెసేజీలకి ఏఐ రాసిచ్చే జవాబు డ్రాఫ్టులు కూడా వాడాను. మాటతీరు మెత్తగా ఉంటుంది, మలబద్ధకానికి ఆహార జాగ్రత్తల్లాంటివి బాగా రాస్తుంది. టైం మాత్రం మిగల్లేదు. యూసీ శాన్ డియేగో అధ్యయనం (2024) కూడా జవాబుకి పట్టే సమయం తగ్గలేదని, చదివే సమయం పెరిగిందని తేల్చింది. మందు డోసు ఉన్న డ్రాఫ్టుని చార్టుతో సరిచూడకుండా నేను పంపను.

99421 అనే బిల్లింగ్ కోడ్‌తో పేషెంట్లకిచ్చే కొన్ని ఆన్‌లైన్ జవాబులకి బిల్లు చేయొచ్చు, ఏడు రోజుల్లో మొత్తం కనీసం ఐదు నిమిషాలు పట్టుండాలి. మంచిదే.

ఇక తేలాల్సింది సీసీ చార్టులు, అంటే వేరే డాక్టర్లు నాకు పంపే చార్టుల కాపీలు. స్పెషలిస్టులు ఊరికే కాపీ పంపేస్తారు. నేను చేయాల్సిందేంటో మొదటి లైనులో రాస్తే చాలు, మా అందరికీ పెద్ద మేలు.