కోరంగి మడ అడవి: పిల్లలతో వెళ్లేవాళ్లు పోటు, పాటు చూసుకుని బయలుదేరండి

కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డులో చొల్లంగి దగ్గర ఎడమవైపు తిరిగితే కోరంగి అభయారణ్యం, ఉప్పునీటి బురదలో పెరిగే మడ చెట్ల అడవి. పిల్లలున్న ఇంటికి గోదావరి జిల్లాల్లో ఇంతకన్నా మంచి పూట ఇంకోచోట గడవదని నా నమ్మకం. అయినా దీని గురించి "ఏముంది అక్కడ, చెట్లేగా" అనేవాళ్లు చాలామంది తగులుతారు. వాళ్లలో ఎక్కువమంది మిట్టమధ్యాహ్నం కారు దిగి, చెక్క వంతెన మీద నాలుగు సెల్ఫీలు తీసుకుని, పడవ కోసం తొందరపడి వెళ్లిపోయినవాళ్లే.

ఇక్కడ చూడాల్సింది ఏ గంటకి కనిపిస్తుందో నిర్ణయించేది సముద్రం. రోజుకి రెండుసార్లు పోటు (నీరు ఎక్కడం), రెండుసార్లు పాటు (నీరు తీయడం). ఆ సమయాలు రోజురోజుకీ ఓ యాభై నిమిషాలు ఆలస్యమవుతుంటాయి కాబట్టి "పొద్దున్నే వెళ్లండి" అని గుడ్డిగా చెప్పలేం. నిండు పోటులో వంతెన కిందంతా నీళ్లే. పూర్తి పాటులో బురదంతా బయటపడుతుంది కానీ కాలువలో నీళ్లు చాలక పడవ కదలడం కష్టం. అందుకే ఫోన్లో కాకినాడ పోటు వేళలు చూసుకుని, పాటు ముగుస్తుండగా చేరుకోండి. ముందు నడక, నీరు ఎక్కాక పడవ. ఈ ఒక్కటి కుదిరితే మిగతాదంతా కుదురుతుంది.

నడకకి మాత్రం టైమ్ పెట్టుకోవద్దు. వంతెన మీద ఒకచోట ఆగి, మాట్లాడకుండా కిందికి చూస్తూ ఉంటే చాలు. మొదట ఏమీ కనిపించదు. కాసేపటికి బురదలో కన్నాలు కదులుతాయి, ఒంటికి మించిన డెక్క ఒకటి పైకెత్తుకుని మగ పీతలు బయటికొస్తాయి. ఎవరైనా చెక్క మీద గట్టిగా అడుగేస్తే అన్నీ ఒకేసారి మాయం. బురద మీద గెంతుతూ వెళ్లే మడ్‌స్కిప్పర్ చేపల్ని చూసి మా చిన్నోడు చాలాసేపు కదల్లేదు, చేప నీళ్లలోంచి బయటికొచ్చి తిరగడం వాడికి అస్సలు మింగుడుపడలేదు. చెట్ల చుట్టూ బురదలోంచి పైకి పొడుచుకొచ్చినవన్నీ తెల్ల మడ, నల్ల మడల శ్వాస వేర్లు. ఆ బురదలో ఆక్సిజన్ ఉండదు కాబట్టి చెట్టు గాలి కోసం వేళ్లని పైకి పంపుతుంది. ఉప్పు పొన్నకైతే గింజ చెట్టు మీదే మొలకెత్తి సన్న ములక్కాడలా వేలాడుతూ ఉంటుంది.

మాతో వచ్చిన గైడు పక్క ఊరి మత్స్యకారుడే. మా పాప ఆకు కోయబోతే "కొయ్యకు బుజ్జీ, చెట్టు మీదే ఉంచి వేలితో రాసి నాకి చూడు" అన్నాడు. తెల్ల మడ ఆకు మీద పేరుకున్న ఉప్పు నిజంగానే నాలిక్కి తగిలింది. ఆ పక్కనే తిల్ల చెట్టుని మాత్రం ముట్టుకోవద్దన్నాడు, దాని పాలు కంట్లో పడితే కళ్లకే ప్రమాదం. పిల్లలకి ఏది నాకాలో, ఏది ముట్టుకోకూడదో అంత సులువుగా చెప్పడం ఆ నీళ్లలో పెరిగిన మనిషికే వస్తుంది. ఉప్పు పేరుకుని చెట్లు చచ్చిన చోట చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీరు లోపలికి పారేలా చేసి మడ మొక్కలు నాటే పద్ధతి కూడా ఈ డెల్టాలో ఊళ్లవాళ్ల చేతుల మీదుగానే నడిచింది.

పడవ ప్రయాణంలో గరుడ పక్షులు, లకుముకి పిట్టలు, కొంగలు బాగా కనిపిస్తాయి. నీటికుక్కలు కనిపిస్తే అదృష్టం. చేపలు వేటాడే బావురు పిల్లి కోసం మాత్రం ఆశ పెట్టుకోకండి, అది రాత్రిపూట తిరిగే జంతువు, బురదలో దాని అడుగులు దొరికినా గొప్పే. పిల్లలకి లైఫ్ జాకెట్ సరిపోయే సైజుదే అడిగి తీసుకోండి, పెద్దవాళ్లది తొడిగి వదిలేస్తే ఉపయోగం లేదు.

మా అత్తయ్య కోనసీమ మనిషి, 1996 నవంబరు తుపాను కళ్లారా చూసింది. పడవలో అందరం పిట్టల్ని చూస్తుంటే ఆవిడ చెట్లనే చూస్తూ కూర్చుంది. తుపాను దెబ్బ ఈ తీరానికి కొత్త కాదు. ఒకప్పుడు కోరంగి పెద్ద రేవు. ఓడలు కట్టేవాళ్లు, ఇక్కణ్నుంచి జనం రంగూన్ దాకా వెళ్లేవాళ్లు. 1839లో ఉప్పెన దాన్ని తుడిచిపెట్టింది. అలల ఉరవడిని తగ్గించే ఈ మడని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. ఇదంతా పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్తే వాళ్లు అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి.

నాకు కోపం తెప్పించింది తోటి సందర్శకులు. ఒక గుంపు వంతెన మీద బ్లూటూత్ స్పీకర్ పెట్టుకుని నడిచింది, ఆ వెనకే చిప్స్ కవర్లు కింద పడ్డాయి. ఆ కవరు శ్వాస వేర్ల మీద చుట్టుకుంటే వేరుకి గాలి అందదు, పాటు నీళ్లతో కొట్టుకుపోతే సముద్రంలో తాబేళ్ల పాలవుతుంది. అవతల హోప్ ఐలాండ్ ఇసుక మీద ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. దయచేసి స్టీల్ సీసాలో నీళ్లు తీసుకెళ్లండి, చెత్త మీతోనే వెనక్కి తెచ్చుకోండి.

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా వెళ్తే హాయి. వేసవిలో ఉక్కపోతకి చిన్నపిల్లలు, పెద్దవాళ్లు తట్టుకోలేరు. దోమలు ఏ కాలంలోనైనా ఉంటాయి కాబట్టి చేతులు, కాళ్లు కప్పే బట్టలు వెయ్యండి. వాన పడితే చెక్కలు జారతాయి, అరగని చెప్పులు ఉండాలి. వాయుగుండం కబురుంటే మాత్రం ప్రయాణం ఇంకో వారానికి మార్చుకోండి.