తినే సోడా, సున్నపు తేట: మా పగడాల తొట్టికి ఆరేళ్లుగా ఇంటి మందు

పగడాలు పెంచే మా ఉప్పునీళ్ల తొట్టి బల్ల కింద ఐదు లీటర్ల డబ్బాలు రెండు ఉంటాయి. ఒకదాంట్లో వేయించిన తినే సోడా నీళ్లు, రెండోదాంట్లో కాల్షియం క్లోరైడ్ నీళ్లు. పైన కిటికీ గట్టు మీద పది లీటర్ల క్యానులో సున్నపు తేట. 2019 నుంచి మా రాతి పగడాలు వీటితోనే పెరుగుతున్నాయి. అంతకు ముందు ఏడాదిన్నర పాటు బజారులో కొన్న మందు సీసాలు వాడాను కాబట్టి రెండూ పోల్చి చెప్పగలను.

మేముండేది ఒడిశాలోని బరంపురంలో. గోపాలపూర్ సముద్రం బండి మీద అరగంట. ‘అంత దగ్గర సముద్రం పెట్టుకుని ఇంట్లో ఉప్పునీళ్లు కలుపుకోవడం దేనికి’ అని చూసినవాళ్లంతా అడుగుతారు. తెచ్చి చూశాను. ఎండాకాలం పర్వాలేదు గానీ వానలు మొదలయ్యాక తీరం నీళ్లు పల్చబడతాయి, మట్టి కలుస్తుంది. అయినా ఏ నీళ్లు పోసినా అసలు సమస్య తీరదు. రాతి పగడం తన ఒళ్లు కట్టుకోవడానికి నీళ్లలోని కాల్షియాన్నీ కార్బొనేట్‌నీ లాగేసుకుంటుంది. సముద్రానికి అదో లెక్క కాదు. మా తొట్టిలో రాళ్లూ ఇసుకా పోగా ఉన్నది 200 లీటర్లు.

సముద్రపు నీళ్లలో కాల్షియం 410, 420 పీపీఎం (సుమారుగా లీటరుకి మిల్లీగ్రాములు) దగ్గర, ఆల్కలినిటీ, అంటే నీళ్లలో కరిగి ఉన్న కార్బొనేట్ల కొలత, 7 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర ఉంటాయి. నేను 430, 8 దగ్గర ఉంచుతాను. మావి రోజుకు సుమారు ఒక డీకేహెచ్ తినేస్తాయి. ఒక డీకేహెచ్ తగ్గేలోపు కాల్షియం తగ్గేది 7 పీపీఎం మాత్రమే. అందుకే కాల్షియం ఒక్కటే కొలుచుకునేవాళ్లకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, ఈలోపు ఆల్కలినిటీ అడుగంటిపోతుంది. నా మొదటి ఏడాది అలాగే పోయింది. (పగడాల మాట వచ్చింది కాబట్టి: మన సముద్రంలోంచి రాతి పగడం తీయడం నేరం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. గోపాలపూర్‌లో ఎవరో తెచ్చిస్తామన్నారని ఆశపడకండి.)

ఈ కొలతలు నేను కనిపెట్టినవి కావు. ర్యాండీ హోమ్స్-ఫార్లీ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త ఎప్పుడో బయటపెట్టిన లెక్క. గ్యాలన్లలో ఉన్నదాన్ని లీటర్లలోకి మార్చుకున్నాను. లీటరు ద్రావణానికి 132 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ ఒక డబ్బాలో, 157 గ్రాముల తినే సోడాని వేయించి రెండో డబ్బాలో. రెంటినీ ఎప్పుడూ సమానంగా వెయ్యాలి. మా 200 లీటర్లకి చెరో 38 మి.లీ. వేస్తే ఒక డీకేహెచ్, 7 పీపీఎం కాల్షియం పెరుగుతాయి. నీళ్లు మాత్రం ఆర్‌వో తర్వాత డీఐ (మిగిలిన లవణాల్నీ తీసేసే ఫిల్టర్) కూడా దాటి టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) సున్నా చూపించేవే. వంటింటి ఆర్‌వో నీళ్లు దీనికి చాలవు.

సోడా వేయించడం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, చాలామంది ఇక్కడే విసుగొచ్చి వదిలేస్తారు. ఇక్కడి ఒడియా దుకాణాల్లో ఖాయిబా సోడా అని అడిగితే ఇస్తారు. బేకింగ్ పౌడర్ తెచ్చుకోకండి, అందులో ఫాస్ఫేటూ పిండీ ఉంటాయి. నాకు ఓవెన్ లేదు. స్టీలు బాణలిలో పోసి సన్న మంట పెడతాను. అల్యూమినియం వద్దు, దాన్ని ఇది తినేస్తుంది. కాసేపటికి పొడి పొడిలా ఉండదు. గరిటె పెడితే నీళ్లలా పక్కకి జారుతుంది, మధ్యలో చిన్న చిన్న గుంటలు పడి బుడగలు లేస్తాయి. లోపలి నుంచి ఆవిరీ కార్బన్ డయాక్సైడూ బయటికి పోవడమే అది. ఆ కదలిక ఆగిపోయి ఇసుకలా బరువుగా కూర్చుంటే అయిపోయినట్టు. తూకం వేసుకుంటే ఇంకా ధీమా: 500 గ్రాములు పోస్తే 315 దగ్గర ఆగాలి. 340 చూపిస్తే లోపల ఇంకా పచ్చిగా ఉన్నట్టే, మళ్లీ పొయ్యి మీద పెట్టండి. పచ్చి సోడాయే కలిపేద్దామంటే లీటరు నీళ్లలో వంద గ్రాములకి మించి కరగదు, 157 గ్రాములు కలపడం ఎలాగూ కుదరదు. పైగా వేయించినది పీహెచ్‌ని కొంచెం పైకి లాగుతుంది. కిటికీలు మూసుకుని పడుకునే వానాకాలంలో గదిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ పడిపోతుంది కాబట్టి అది మాకు కలిసొచ్చింది. అమ్మ మాత్రం ఇప్పటికీ వచ్చి, ‘ఏటిరా, చేపలకి సోడా వేపుడా’ అంటుంది. ఆ బాణలి వంటకి తేవద్దని మా ఆవిడ హుకుం.

కాల్షియం క్లోరైడ్‌తో వచ్చిన తిప్పలు వేరు. మొదటిది చెమ్మ. మా ఊళ్లో జూలై గాలికి ప్యాకెట్ నోరు తెరిచి వదిలేస్తే తెల్లారేసరికి పాకమైపోతుంది. ఆ ముద్దనే 132 గ్రాములు తూచి కలిపాను. కాల్షియం నెలంతా తగ్గుతూనే ఉంది, కారణం తట్టలేదు. తూచినదాంట్లో సగం గాలిలోంచి వచ్చిన నీళ్లే! ఇప్పుడు ప్యాకెట్ విప్పిన రోజే మొత్తం కలిపేస్తాను, దాచేది నీళ్లే గానీ పొడి కాదు. రెండోది వేడి. ఇది నీళ్లలో పడగానే బాగా వేడెక్కుతుంది. గాజు సీసాలో కలిపితే నాకు అడుగు ఊడిపోయింది. ప్లాస్టిక్ బకెట్‌లో సగం నీళ్లు పోసుకుని కొంచెం కొంచెంగా వెయ్యండి.

మూడోది అసలు భయపడాల్సింది. ఒక కెమికల్స్ దుకాణంలో ఫుడ్ గ్రేడ్ అని చెప్పి ఇచ్చిన సంచిలోంచి ఒక చెంచా తీసి సోడా నీళ్లలో కలిపాను. మామూలుగా తెల్లటి విరుగుడు రావాలి, అది వచ్చింది. దాంతోపాటు ముక్కు మండేలా అమ్మోనియా వాసన కూడా వచ్చింది. కొన్ని ఫ్యాక్టరీ రకాల్లో అమ్మోనియా మిగిలి ఉంటుంది. ఉత్త పొడి వాసన చూస్తే తెలియదు, క్షారం తగిలితేనే బయటపడుతుంది. ఆ సంచిని తిరిగిచ్చేశాను. డబ్బులు రాలేదు. అప్పటి నుంచి ప్రతి కొత్త ప్యాకెట్‌కీ ఈ చెంచా పరీక్ష చేస్తున్నాను. ఎరువుల దుకాణంలో కాల్షియం పేరుతో ఇచ్చేది చాలావరకు కాల్షియం నైట్రేట్, అది తొట్టిలో నాచు పండిస్తుంది.

నా పెద్ద తప్పు మాత్రం మందుది కాదు, డబ్బా పెట్టిన చోటుది. మొదట్లో డబ్బాలు గోడ అలమరలో, తొట్టికంటే ఎత్తులో ఉండేవి. మందు వేసే పంపులోని రబ్బరు గొట్టం అరిగిపోయి ఒక రాత్రి సోడా నీళ్లు వాటంతటవే కిందికి జారాయి. సుమారు 130 మి.లీ. పొద్దున్న పరీక్ష చేస్తే ఆల్కలినిటీ 11.4. కొమ్మల పగడాల చివర్లు రెండు రోజుల్లో కాలినట్టు తెల్లబడ్డాయి. నాలుగో రోజుకి ఒకదాని చర్మం టిష్యూ కాగితంలా ఊడిపోయింది. వెనిగర్ పోసి దించేద్దామని చెయ్యి దురద పెట్టింది గానీ పొయ్యలేదు. మందు ఆపి దానంతటది దిగేదాకా ఆగాను. రెండు పోయాయి, మిగతావి నిలబడ్డాయి. ఇప్పుడు డబ్బాలు బల్ల కింద, గొట్టం కొసలు నీటిమట్టానికి పైన. గొట్టాలు ఏడాదికొకసారి మారుస్తాను.

ఇక సున్నపు తేట. ఈ పేరు వినగానే మా అమ్మకి ఈ వ్యవహారమంతా ఒక్కసారిగా అర్థమైంది. చంటిపిల్లలకి కడుపు బాగోకపోతే పాలలో సున్నపు తేట వేసేవాళ్లు కదా. ‘పగడాలకి కిళ్ళీ కూడా కట్టిపెట్టు’ అంది. కిళ్ళీ సున్నం వాడొచ్చా అని నన్ను చాలామంది అడిగారు. వద్దు. అందులో ఏం కలుపుతారో తెలియదు, సువాసనలు కూడా వేస్తారు. నేను ల్యాబ్ గ్రేడ్ కాల్షియం హైడ్రాక్సైడ్ కొంటాను. పది లీటర్లకి 20 గ్రాములు వేసి ఒకసారి కలిపి వదిలేస్తే తెల్లారేసరికి తేరుకుంటుంది. కరిగేది లీటరుకి గ్రామున్నర పైచిలుకే, మిగతాది అడుగున ఉంటుంది. పైన పాల మీద మీగడలా తెట్టు కడుతుంది. దాన్ని కదపకూడదు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి పోకుండా అదే మూతలా పనిచేస్తుంది. పీహెచ్ 12.4 ఉంటుంది, కంట్లో పడితే ఆటలు కాదు.

తొట్టిలోకి ఎక్కించేది మందుల షాపులో దొరికే సెలైన్ గొట్టంతో. 20 చుక్కలకి ఒక మి.లీ. పడే రకం. పది గంటల్లో రెండు లీటర్లు దిగాలంటే నిమిషానికి 65, 70 చుక్కలు. క్యాను ఖాళీ అయ్యేకొద్దీ చుక్క నెమ్మదిస్తుంది కాబట్టి పడుకునే ముందు ఒకసారి చక్రం తిప్పి చూసుకోవాలి. వాచీ పట్టుకుని చుక్కలు లెక్కపెడుతుంటే మా చిన్నాడు నన్ను నర్సు అంటాడు.

తేట గొప్పతనం ఏమిటంటే వెనక ఏమీ మిగలదు. సోడా, కాల్షియం క్లోరైడ్ జంట అలా కాదు, పగడం తిన్నది పోగా వంటుప్పు మిగులుతుంది. మా మోతాదుకి రోజుకు 4 గ్రాములు అంటే ఏడాదికి కిలోన్నర. తొట్టి మొత్తంలో ఉన్న ఉప్పే ఏడు కిలోలు! ఉప్పు కొలిచే అలవాటు లేనివాళ్లు ఈ జంట జోలికి వెళ్లకపోవడం మంచిది. నేను రెండు వారాలకి 20 లీటర్లు మారుస్తాను.

అలాంటప్పుడు తేటతోనే సరిపెట్టొచ్చు కదా అంటే, ఆవిరైనన్ని నీళ్ల బదులుగానే తేట పొయ్యగలం. రెండు లీటర్లు ఆవిరైతే రెండు లీటర్ల తేట, దాంతో మా ఒక డీకేహెచ్ సరిగ్గా సరిపోతుంది. చలికాలం మొత్తం అలాగే గడుస్తుంది, మందు పంపులు ఆపేస్తాను. మేలో ఫ్యాను పెడితే మూడు లీటర్లు ఎగిరిపోతాయి, అప్పుడు తేటని పల్చన చేసుకోవాలి. జూలై నుంచి అక్టోబరు దాకా మా గాలిలోనే నీళ్లు ఉంటాయి. లీటరు ఆవిరైతే గొప్ప. అప్పుడు సగం తేట, మిగతా సగానికి ఆ జంట చెరో 17 మి.లీ. కొన్న సీసాల మీద ‘రోజుకు ఇన్ని మి.లీ.’ అని ఏడాది పొడవునా ఒకే అంకె రాసి ఉంటుంది. మా ఊరి వాతావరణానికి ఆ అంకె పనికిరాదు.

మెగ్నీషియం మూడు నాలుగు నెలలకొకసారి చూస్తాను. 1300 కింద పడితే ఎప్సమ్ సాల్ట్ కరిగించి పోస్తాను, 100 పీపీఎం పెంచడానికి 200 గ్రాములు, రెండు మూడు రోజులుగా విడదీసి.

ఖర్చు సంగతి: సీసాలు కొన్న రోజుల్లో నెలకి వెయ్యి దాటేది. ఇప్పుడు జంట మీదే నెలంతా నడిపినా పట్టేది 180 గ్రాముల సోడా, 150 గ్రాముల కాల్షియం క్లోరైడ్. గ్యాస్‌తో కలిపినా వందకి లోపే. అయితే మంచి ఆల్కలినిటీ పరీక్ష కిట్ మీద మాత్రం పీనాసితనం చెయ్యను. ప్రతి ఆదివారం పొద్దున్న ఏడింటికి, ఎప్పుడూ అదే వేళకి చూస్తాను, పగలూ రాత్రీ అంకె మారుతుంది కాబట్టి.

గులాబ్ తుఫాను రాత్రి, 2021 సెప్టెంబరులో, కరెంటు పోయి నీళ్లు తిప్పే పంపులతో సహా అన్నీ ఆగిపోయాయి. సెలైన్ గొట్టానికి కరెంటు అక్కర్లేదు కదా అని తేట వదిలేసి పడుకోబోయాను. కాసేపటికి గుర్తొచ్చి లేచి కట్టేశాను. నీళ్లు కదలనప్పుడు ఆ చుక్కలన్నీ ఒకేచోట పడి కింద ఉన్న పగడాన్ని కాల్చేస్తాయి. టార్చి వెలుగులో చూస్తే అప్పటికే చుక్క పడేచోట నీళ్లు పాలలా తెల్లబడి ఉన్నాయి.