పులికాట్‌లో అద్దె లెన్స్‌తో రెండు రోజులు

ముందే చెప్తున్నా, లెన్స్ బాగుంది. దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపే 150-600 ఎంఎం జూమ్, బరువు రెండు కిలోల దగ్గర, చేత్తో పట్టుకుని అరగంట నిలబడితే భుజం లాగేస్తుంది కాబట్టి కనీసం మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) అయినా తీసుకెళ్లండి. 600 దగ్గర అపెర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే కన్నం) ఎఫ్/6.3 కంటే తెరుచుకోదు, అందుకే తెల్లవారుజామున ఐఎస్‌ఓ (కెమెరా వెలుతురుకి స్పందించే స్థాయి) పెంచక తప్పదు.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది కదా, ఆ రోడ్డు పక్కన కూర్చుని రాజహంసలు (ఫ్లెమింగోలు) గుంపుగా లేచే ఒక్క ఫొటో కోసం మొదటి రోజంతా తినకుండా కాపు కాశాను. అవి ఉన్నాయి, కానీ ఎక్కడో దూరంగా గులాబీ గీతలా. ఎండెక్కాక నీళ్ల మీద వేడిగాలి ఆడుతుంటే ఎంత జూమ్ చేసినా అంతా అలుక్కుపోయింది. తప్పు లెన్స్‌ది కాదు, ఏ లెన్సయినా అంతే.

రెండో రోజు విసుగొచ్చి, వచ్చింది చూద్దాంలే అని టీ తాగుతూ కూర్చున్నా. బురదలో పడుకున్న గేదె, దాని వీపు మీద కొంగ, వెనక పొగమంచు. ఆ ఫొటోనే ఇప్పుడు మా ఇంటి గోడ మీద ఉంది! (ఉద్యోగం విషయంలోనూ నాకు ఇలాగే జరిగింది, అది వేరే కథ.)

ఒక్క లోటు, మరీ దగ్గరి వాటికి ఫోకస్ పట్టదు. నా బూటు మీద వాలిన తూనీగని ఫోన్‌తోనే తీశా. లెన్స్‌కి నా మార్కులు అయిదుకి నాలుగు.