సెమాగ్లూటైడ్, మెట్‌ఫార్మిన్: ఒకటి చాలా, రెండూ కావాలా?

అమీర్‌పేటలో మా అక్కకు షుగర్ డాక్టర్ రెండూ రాశారు. ఎందుకో అర్థం కాక నాకు టెన్షన్ పట్టుకుంది.

సెమాగ్లూటైడ్ వారానికో ఇంజెక్షన్. మెదడులో ఆకలిని తగ్గిస్తుంది, కడుపు త్వరగా ఖాళీ కానివ్వదు. బిర్యానీ సగం ప్లేటుకే అక్క చాలంటుంది. 2021లో వెలువడిన ట్రయల్‌లో, షుగర్ లేని అధిక బరువువాళ్లు 68 వారాల్లో సగటున 15 శాతం దాకా తగ్గారు. షుగర్ ఉన్నవాళ్లలో అంత తగ్గదు.

మెట్‌ఫార్మిన్ చవకైన మాత్ర. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాపై పనిచేస్తుంది, కాలేయం గ్లూకోజ్ వదలడాన్ని తగ్గిస్తుంది. బరువు తగ్గేది కొంచెమే. ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బీ12 తగ్గొచ్చు, అందుకే ఆ పరీక్ష అవసరం.

షుగర్‌కు రెండూ కలపడమే నాకు సబబనిపించింది. అయితే రెండింటికీ వికారం, విరేచనాలు ఉన్నాయి. అందుకే మాత్ర ఒంటికి పడ్డాకే, ఇంజెక్షన్ 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు.